దత్తమండలమను మాట

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పఠనమందిరములలో ఈ నడుమ నొక వింత వినోదము ప్రబలినది. జరిగిన చరిత్ర చాలక, జరుగని చరిత్రను గూర్చి వాదించుకొనుటయే ఆ వినోదము. “అట్లుగాక ఇట్లు జరిగియుండినచో” అని ఒకరు మొదలిడుదురు. పత్రికను మడిచి బల్లపై బెట్టి మఱియొకరు అందుకొందురు. దీపములు పెట్టువేళ దాక తెగదు. వినోదమును మేము నిందింపము. వేసవి మధ్యాహ్నమున పెనుకొండ కొండక్రింద కూర్చుండి మనుజుడు వేఱేమి చేయగలడు? కాని ఈ వాదములలో నొక విషపు చుక్క కలిసియున్నది. దానిని చూపుటకే ఈ నాలుగు మాటలు.

వాదమునకు నాంది నికోబారు దీవులు. 1756లో డెన్మార్కువారు ఆ దీవులు తమవని చాటిరి. 1778లో ఆస్ట్రియావారు వచ్చి దిగి, కావు మావనిరి. కొన్నియేండ్లకే విడిచిపోయినను తమ రాణి మరియా తెరీసా పేర నొక దీవిని మిగిల్చిపోయిరి. తెరెస్సా యను ఆ పేరు నేటికిని పటములలో నున్నది. డేనులు పంపిన వలసలు మన్యపు జ్వరముచే మరల మరల నశించెను. 1864–65 ప్రాంతమున ఇటలీ మంత్రి లూయీజీ తొరెల్లి ఆ దీవులను కొనదలచి డెన్మార్కుతో బేరమాడెను. ఇటలీ మంత్రివర్గము మారుటతో ఆ బేరము నడుమనే నిలిచిపోయెను. 1868లో డేనులు తమ హక్కులను ఇంగ్లీషువారికి అమ్ముకొనిరి. మఱుసటి యేడు ఇంగ్లీషు జెండా ఎగిరెను.

తొరెల్లిగారి బేరము కుదిరియుండినచో? ఇక చూడుడు మన మిత్రుల ఉత్సాహము! బంగాళాఖాతమున ఇటలీ నౌకలు, 1869లో సూయజు కాలువ తెరువగానే రోమునుండి నేరుగా రాకపోకలు, 1940లో ఇటలీ యుద్ధమునకు దిగినప్పుడు మదరాసుకెదురుగా శత్రువుల రేవు. ఇంతదూరము పోయిన మిత్రులను మేమొక చిన్న ప్రశ్న యడిగితిమి: ఆ దీవులలో కొబ్బరిచెట్లక్రింద కాపురమున్న నికోబారువాని సంగతి యేమి? ఒకరును పలుకలేదు. అతడు వారి చదరంగపు బల్లపై బంటైనను కాలేదు, బల్లయే యైనాడు. ఇంగ్లీషువారు 1869లో నాన్‌కౌరి రేవున ఖైదీల శిబిరము నెలకొల్పి 1888 దాక నడపిరి. ఇటలీయు ఆ దశకములలో తన దండితులను తోలుటకు దూరదేశమున చోటు వెదకుచుండినదే. బేరము ఎటు తెగినను నికోబారువాని ముంగిటికి రానున్నది పరదేశపు ఖైదీలును, వారి కావలివారునే.

యూరపుఖండపు రాజులకు దీవులను ఇచ్చిపుచ్చుకొనుట పెండ్లిపందిరి ముచ్చట. 1661లో పోర్చుగలు రాచకన్యతో పాటు బొంబాయి దీవి ఇంగ్లండు రాజునకు అరణముగా వచ్చెను. 1668లో ఆయన దానిని కుంపిణీకి ఏటికి పది పౌనుల పన్నుపై నప్పగించెను. తరంగంబాడి, శ్రీరామపురము రెండింటిని 1845లో డేనులు పండ్రెండున్నర లక్షల రూపాయలకు కుంపిణీకే విక్రయించిరి.

ఇంతవరకు వినిన హిందూపురపు మిత్రు డొకడు, “దీవులమాట యటుంచుడు, 1800లో నైజాము మనలను ఇంగ్లీషువారి కిచ్చివేయకుండినచో?” అనెను. కథ మన గుమ్మములోనికి వచ్చినది. మూడు పక్షము లేర్పడినవి. నైజాము క్రిందనే యుండిన 1948 దాక జాగీర్దారుల వెట్టిలో మగ్గెడివారము, కావున ఇచ్చుటయే మేలైనదని ఒక పక్షము. టిప్పుసుల్తాను పడకుండిన, లేదా మనము మైసూరులోనే చేరియుండిన, 1902లో శివసముద్రమున పుట్టిన విద్యుత్తు మన యూళ్లకు ముందుగా వచ్చెడిదని రెండవ పక్షము. ఫ్రెంచివారు గెలిచియుండిన మఱియు బాగుండెడిదని మూడవది. ఈ పక్షమున ఒక్కరే యుండిరి, ఆయన పుదుచ్చేరి చూచివచ్చినవారు. సంతలో గొఱ్ఱెలు, ఏ కసాయివాని కత్తి నున్ననిదని తర్కించుకొన్నట్లుగా మాకు దోచినది.

జరిగినదేమో ముందు చూతము. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణమున టిప్పు కూలెను. జూను 22న విజేతలు మైసూరు రాజ్యమును పంచుకొనిరి. మన సీమలో చాల భాగము నైజాము వంతునకు వచ్చెను. 1798లోనే నైజాము కుంపిణీ సేనను తన రాజ్యమున నిలుపుకొని, దాని వ్యయమునకై ఏటేట 24 లక్షల రూపాయలకు పైగా చెల్లింప నొడంబడియుండెను. సేనను ఇంకను పెంచుమనిరి. రొక్కమునకు బదులు భూమి నిమ్మనిరి. 1800 అక్టోబరు 12వ తేదీన, టిప్పువలన 1792లోను 1799లోను తనకు వచ్చిన మండలములను అతడు కుంపిణీపరము చేసెను. పదునెనిమిది నెలలలోపల పెనుకొండ రైతునకు ముగ్గురు ప్రభువులు! అతడు ఒక్క పైరును కోసి, రెండవది విత్తులోపల, మునుపు పన్ను చెల్లించిన సర్కారు లేకపోయెను.

అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లని మనవారందురు. ఇక్కడ అల్లుడు సైత మత్త యింట పట్టుమని రెండేండ్లు కాపురము చేయలేదు. దానికి “దత్తమండలము” అని పేరు! దత్తత యన్నచో తండ్రి కన్నబిడ్డను, బంధువుల నడుమ, హోమము ముందర, పెంచువారి చేతిలో బెట్టును. ఈ దత్తములో ఇచ్చినవాడు కన్నవాడు కాడు, పుచ్చుకొన్నవాడు పెంచువాడు కాడు, చూచిన బంధువు లొక్కరును లేరు.

ఆ పంపకములవారి గీత యెట్టిదో చూడవలెనన్న చిత్రావతియొడ్డున నిలువుడు. పెన్నయు చిత్రావతియు పుట్టుట నంది కొండల ప్రాంతమున. ప్రవహించి వచ్చుట మన సీమకు. బుక్కపట్టణము చెరువు, ధర్మవరము చెరువు చిత్రావతి నీటినే నమ్ముకొని విజయనగరపు కాలమునుండి బ్రతికినవి. 1799 నాటి పంపకమున ఎగువ ఒడయరులకును, దిగువ నైజామునకును పోయెను. గీత గీచినవారికి కావలసినది శిస్తు లెక్క. ఏ చెరువునకు ఏ వాగు నీరు వచ్చునో వారి పత్రములలో నొక గడియైనను లేదు. ఎగువన క్రొత్త కట్టలు పడినప్పుడెల్ల దిగువ చెరువులు నోళ్లు తెరచెను. దీనికి మదరాసు, మైసూరు ప్రభుత్వములు ఒడంబడిక వ్రాసికొనుట 1892లో. అనగా తొంబదిమూడేండ్ల తర్వాత! టిప్పు నిలిచిన నేమి, ఫ్రెంచివాడు గెలిచిన నేమి యని తర్కించు మిత్రులు ఆ చెరువు కట్టమీద నొక సాయంకాలము నడచివచ్చిన మంచిది.

మన్రోదొర మాట యెత్తకుండిన మాకు పక్షపాతము గట్టుదురు. ఆయన 1800లో వచ్చి 1807 దాక ప్రిన్సిపలు కలెక్టరుగా నుండెను. ఎనుబదిమంది వఱకు పాళెగాండ్రను అణచెను. రైతుతో నేరుగా పన్ను నిర్ణయించు పద్ధతిని నాటెను. 1827లో మదరాసు గవర్నరుగా పర్యటించుచు పత్తికొండలో వాంతిభేదిచే మరణించెను. బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్న తల్లులను మేము పరిహసింపము. మంచివానిని మంచివా డనుటలో తప్పులేదు. కాని మన్రో వచ్చునని 1800లో ఎవరైన మన రైతుతో చెప్పిరా? మంచి అధికారి దొరకుట మన అదృష్టము. అది వారి ధర్మము కాదు. ఆ దొరతనమే 1876–78 కరవున, ఎండిన సీమలో రాళ్లు కొట్టు కూలికి, టెంపులు దొర లెక్కచొప్పున దినమునకొక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని 1877లో నిర్ణయించెను. అప్పు డెదురు చెప్పుటకు రైతుచేత నొడంబడిక లేదు, ఓటు లేదు.

“నాటి నీతిని నేటి కొలబద్దతో కొలువరా” దని పండితులందురు. సరియే, నాటి కొలబద్దతోనే కొలుతము. 1791లో అవిన్యోను సీమను పోపు ఏలుబడినుండి తమలో చేర్చుకొనుటకు ముందు అక్కడి గ్రామములలో ఓట్లు తీసిరి. ఇది మన దత్తమునకు తొమ్మిదేండ్ల ముందటి మాట. 1877లో స్వీడను తన సాన్ బార్తెలెమీ దీవిని ఫ్రాన్సున కిచ్చునప్పుడు దీవివారినే యడిగిరి. మున్నూటయేబదిమంది ఔననిరి, ఒక్కడు కాదనెను. ఆ ఒక్కని మాటయు నేడు చరిత్రలో నిలిచియున్నది. కావున అడుగు విధము తెలియక కాదు, అడుగవలసిన మనుష్యులుగా మనలను ఎంచలేదు.

మొన్న 2022 ఏప్రిలులో మన మూడు పట్టణములు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. కేంద్రము తమకు కావలెనని హిందూపురమువారు వీధుల కెక్కిరి. అది పుట్టపర్తికి పోయెను. వారి కోరిక నెగ్గలేదు. ఐనను ముసాయిదా ప్రకటించి, అభ్యంతరములు తెలుపుడని ప్రభుత్వము అడుగక తప్పలేదు. ఆ అడుగుటను చిన్నచూపు చూడకుడు.

ఇక మా అసలు ఫిర్యాదు. 1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, ఈ దత్తమను పేరు వినలేక మన పెద్దలు “రాయలసీమ” యని నామకరణము చేసిరి. చిలుకూరి నారాయణరావుగారు సూచించిన ఆ పేరు జనుల నోట నిలిచెను. దొరలు 1947లో పోయిరి. ఐనను చలనచిత్ర వర్తకులకు మనము నేటికిని “సీడెడ్”! చిత్రము విడుదలైన మఱునాడే “సీడెడ్‌లో ఇంత వసూలు” అని పత్రికలు అచ్చువేయును, మన కుఱ్ఱవాండ్రు దానిని చదివి ఈలలు వేయుదురు. ఆ లెక్కలో పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లాను గూడ కలుపుదురు. అందులో మదనపల్లె వైపు తప్ప చాల భాగము నైజాము ఇచ్చినదే కాదు, 1801లో ఆర్కాటు నవాబునొద్ద నుండి తీసికొన్నది. పేరు అవమానకరమే కాదు, తప్పును.

హిందూపురము, ధర్మవరము చిత్రశాలల యజమానులను మేము కోరునది యొక్కటే. ఈసారి పంపిణీదారునకు వ్రాయు ఉత్తరమున “సీడెడ్ హక్కులు” అను మాటను కొట్టివేసి, పైన “రాయలసీమ హక్కులు” అని వ్రాయుడు. ఇందుకు సిరాచుక్క తప్ప వ్యయమేమియు లేదు. తోటి పత్రికలవారికిని ఇదే మా విన్నపము; వచ్చు శుక్రవారపు వసూళ్ల పట్టిక నుండియే మొదలిడవచ్చును.