వెల్దుర్తి గాలిలో మన పాట

నరసరావుపేటకు ప్రైవేటు ఎఫ్‌ఎం వచ్చే వీలుంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 234 కొత్త పట్టణాల జాబితాలో ఆ పేరూ ఉంది. కానీ ఛానెళ్ల వేలంలో డబ్బు పెట్టినవారు వినిపించేది మళ్లీ సినిమా పాటే. అది ఇప్పటికే ప్రతి సెల్‌ఫోన్‌లోనూ మోగుతోంది. పల్నాడులోని వెల్దుర్తి లాంటి మండలానికి కావలసింది మరో బాణీ: కారంపూడి తిరునాళ్లలో వీరవిద్యావంతులు పాడే పల్నాటి వీరగాథ, తండాల లంబాడీ పాట, నాట్లప్పటి కూలిపాట. వాటిని వినిపించేందుకు ఊరివాళ్లే నడుపుకునే కమ్యూనిటీ రేడియో గాలిమేడ కాదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలే నడిపారు. ఊళ్ల పాటలు, విత్తనాల కబుర్లే దాని సరుకు. కమ్యూనిటీ రేడియోకు 100 వాట్ల ప్రసార శక్తి, పది పదిహేను కిలోమీటర్ల పరిధి చాలు. కార్యక్రమాల్లో సగమైనా స్థానికంగా తయారవ్వాలన్నది నిబంధనే. చిక్కల్లా నెలనెలా కరెంటు బిల్లు, జీతాలు. గంటకు కొన్ని నిమిషాల ప్రకటనలకు అనుమతి ఉన్నా, ఎరువుల కొట్టు, మిర్చి వ్యాపారి ఇచ్చే సొమ్ముతోనే స్టేషన్ గట్టెక్కదు. రైతు సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు, పంచాయతీలు మొదటి మూడేళ్ల ఖర్చును పంచుకుంటే వెల్దుర్తిలో ఈ రేడియో తప్పక నిలుస్తుంది. ఆ లెక్క వేసుకోవాల్సింది గాథ పాడే పెద్దలు ఉన్న ఈ రోజుల్లోనే.