సున్నపు కుండ

సంక్రాంతికి ముందు యింటికి వెల్ల వేయించడం మా పెద్దల నాటినుంచీ వస్తున్న ఆచారం. రంగు డబ్బాలు వచ్చాక ముందు గదులకు మానివేశాము గాని, పెరటి గోడలకు యిప్పటికీ సున్నమే. మొన్న మేస్త్రీ కుండలో సున్నపు గడ్డలు వేసి నీళ్ళు పోశాడు. పొయ్యి లేకుండానే కుతకుత వుడికే ఆ వింతను మా చిన్నవాడు తొంగిచూడబోయాడు. "తంబీ, కిట్ట వరాదే!" అని మేస్త్రీ రెక్క పట్టి లాగకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికే భయంగా వున్నది.

సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చును. తాంబూలపు పెట్టెలోని తడి సున్నమూ అంతే, పిల్లలకు అందనీయరాదు. ఒకవేళ పడితే కన్ను నలపక, నెయ్యీ పసరూ వేయక, వెంటనే రెప్పలు తెరిచి పట్టి 20 నిమిషాలకు తక్కువ కాకుండా మంచినీళ్ళు ధారగా పోసి, కంటి వైద్యుని దగ్గరకు పరుగెత్తవలెను.

ఇంతకూ ఆ వేడి ఎక్కడిది? బట్టీలోదే. సున్నపురాయి, గుల్లలు, కోడిగుడ్డు పెంకు, వీటన్నిటిలోనూ ముఖ్యంగా వున్నది కాల్షియం కార్బొనేటు. దానిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చితే బొగ్గుపులుసు వాయువు విడిపోతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలైతే 44 కిలోలు అలా గాలిలో కలిసి, 56 కిలోల సున్నం మిగులుతుంది. బట్టీలో తాగిన వేడిలో కొంత, నీళ్ళు తగలగానే కక్కుతుంది. గోడకు పూశాక గాలిలోని ఆ వాయువునే మెల్లగా తిరిగి తీసుకొని మళ్ళీ రాయి అవుతుంది. మేస్త్రీకి యీ లెక్కలతో పనిలేదు. కొన్నాళ్ళు గోడకు ఆనుకోవద్దని మాత్రం చెప్పి పోయాడు.

వాన నీరు ఆ వాయువునే కలుపుకొని నేలలోకి దిగి సున్నపురాతిని కరిగిస్తుంది. విశాఖ దగ్గరి బొర్రా గుహలు అట్లా తొలిచినవే. కరిగిన రాయి పైకప్పునుంచి చుక్క చుక్కగా జారి, లోపల స్తంభాలై నిలిచింది. మా బోరు నీళ్ళదీ అదే కథ. కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లని పెచ్చు ఆ రాయే. కాస్త నిమ్మరసం పోసి వుంచితే బుసబుస పొంగి వూడివస్తుంది.

అయితే చలువరాయి కూడా ఆ జాతిదేనని మరువరాదు. కిందటేడు మేము గిన్నె తోమిన నిమ్మచెక్కతోనే పూజగది గట్టునూ తోమాము. నునుపు పోయి పడిన మచ్చ యింకా అక్కడే వున్నది.