పట్టాల మీద పడితే ప్రమాదం, మా పేట మీద పడితే తలరాతా?

తుఫాను కబురొస్తుంది. రైల్వేవాళ్ళు రైళ్ళు ఆపేస్తారు. కరెంటువాళ్ళు తీగలకి తగిలే మట్టలు కొట్టేస్తారు. ఊళ్ళో ఆసామి డాబా తలుపులు బిగించుకుంటాడు. మరి మా పేటలో? పాక మీదకి ఒరిగిన కొబ్బరిచెట్టు ఒరిగినట్టే ఉంటుంది. కొడదామంటే చెట్టు మనది కాదు. కొట్టించమంటే వినే నాథుడు లేడు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఆ చెట్టు వంకే చూస్తూ తెల్లవార్లూ కూచోవాలి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. రైల్వే ముందే లెక్క చూసుకుంది, పదులకొద్దీ రైళ్ళు రద్దు చేసింది. మంచిదే, ప్రాణాలు దక్కాయి. ఆ గాలికే మన కోనసీమలో ఇంటి మీద చెట్టు కూలి ఒక ఆడకూతురు చచ్చిపోయింది. రైలుకి ముందు చూపు, పూరింటికి శవపంచాయితీ! ఇదేం న్యాయమని అడుగుతున్నాం.

1996 నవంబరు 6 రాత్రి గురించి మన పెద్దల్ని అడగండి. ఆ ఒక్క తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు లక్షల్లో పడ్డాయి. గాలి కులం అడిగి కొట్టదంటారు. నిజమే, గాలి అడగదు. గాలికంటే ముందే కులం తన పని చేసిపెట్టింది. మెరక ఎవరికి, పల్లం ఎవరికి? స్లాబు ఎవరికి, తాటాకు ఎవరికి? కాయ ఎవరికి, కూలే చెట్టు ఎవరి నెత్తికి? ఇదంతా గాలి రాకముందే తేలిపోయింది.

చట్టం లేదంటారా? ఉంది. 1989 రైల్వే చట్టం చూడండి. చెట్టు పట్టాల మీద పడి రైలుకి అడ్డమొచ్చే ప్రమాదం ముంచుకొస్తే రైల్వే ఆ భూమిలోకి వెళ్ళి దాన్ని తీసెయ్యొచ్చు. తర్వాత కేంద్ర ప్రభుత్వానికి రిపోర్టు ఇస్తే చాలు. నష్టానికి సొమ్ము కట్టాలి. 2003 విద్యుత్ చట్టం చూడండి. తీగకి అడ్డమైన చెట్టుని మేజిస్ట్రేటు ఉత్తర్వుతో కొట్టించొచ్చు. తీగకంటే ముందునుంచీ ఉన్న చెట్టయితే యజమానికి పరిహారం ఇవ్వాలి.

రైలుకి చట్టం ఉంది, తీగకి చట్టం ఉంది. మనిషికి లేదా? మనిషికీ ఉంది! కూలి చుట్టుపక్కల వాళ్ళకి దెబ్బ తగిలించేట్టున్న చెట్టుని తీసెయ్యమనో, ఊతం పెట్టమనో ఉత్తర్వు ఇచ్చే అధికారం 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్లో ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 152వ సెక్షను. కలెక్టరు ఇవ్వొచ్చు, ఆర్డీవో ఇవ్వొచ్చు. పోలీసు రిపోర్టే ఉండాలని లేదు, ఏ సమాచారం మీదనైనా ఇవ్వొచ్చు. మరి మన పేట కోసం ఆ సెక్షను బయటికి తీసిన ఆఫీసరెవరు? మేం కాయితం పట్టుకుని మూడు ఆఫీసులు తిరిగాం. ఒకాయన పంచాయితీని అడగమన్నాడు. పంచాయితీలో చెట్టుగలాయన్ని బతిమాలుకోమన్నారు. చెట్టుగలాయన, ‘ఇన్నేళ్ళూ పడలేదుగా, ఇప్పుడు పడుద్దా?’ అన్నాడు.

‘కన్నకొడుకు అన్నం పెట్టకపోయినా కొబ్బరిచెట్టు పెడుద్ది’ అంటారు మన సీమలో. అయ్యా, ఎవరికి పెట్టింది? చెట్టు పడితే పరిహారం పాసుపుస్తకం ఉన్నాయనకి. చెట్టెక్కి కాయ దింపినోడికి, పీచు వలిచినామెకి ఏముంది? కొత్తమొక్క కాపుకొచ్చేదాకా అయిదారేళ్ళు ఆ కూలీ లేదు. ఆ చెట్టు కింద నలిగిన ఇంటికి మాత్రం ‘పాక్షికం’ అని రాసి పోతారు.

‘వీళ్ళు రైతుల చెట్లు నరికించాలని చూస్తున్నారు’ అని అప్పుడే గోల మొదలెట్టారు కొందరు. కాపుమీదున్న చెట్టు జోలికి మేం రావటం లేదు. మొదట్లో బంక కారుతున్న చెట్టు, ఎర్రముక్కు పురుగు తొలిచి డొల్ల అయిన చెట్టు, మొవ్వు కుళ్ళి తల రాలిన మోడు, కాలవ కోతకి వేళ్ళు బయటపడ్డ చెట్టు. ఇవీ మేం చెప్పేవి. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పొడుగునా ఉప్పునీరెక్కి తలలెండిన చెట్లు చూడండి. వాటికి కాయ లేదు, పడే ప్రమాదం మాత్రం ఉంది. ఏ చెట్టు నిలుస్తుందో ఏది నిలవదో దింపు కార్మికుడికి తెలుసు. ఆ మనిషిని ఏ ఆఫీసరూ అడగడు.

లెక్క కూడా పెద్దదేం కాదు. రైలుపట్టాకి చూసే లెక్కే. చెట్టు ఎత్తుకంటే ఇల్లు దగ్గరగా ఉంటే ఆ ఇల్లు చెట్టు కిందున్నట్టే. పట్టాల వెంట గ్యాంగ్‌మన్ నడిచి చూస్తాడు. మన పేట వెంట నడిచేదెవరు?

రేపు రైలు మన గుమ్మంలోకే వస్తుంది. జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకరుగా ఉన్నరోజుల్లో, 2000–01లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం లైను ఇరవై అయిదేళ్ళు దాటినా పూర్తికాలేదు. అమలాపురం ఇంకా రైలు కూత వినలేదు. రైలు రావాలి, అది మన హక్కు. వచ్చేది కొబ్బరితోటల మధ్యనుంచే. పట్టాల మీదకి ఒరిగిన చెట్టుని ఆ రోజు గంటలో కొట్టేస్తారు. అదే వరసలో రెండోపక్క పేట మీదకి ఒరిగిన చెట్టుని వదిలేస్తే ఊరుకుంటామా? పట్టాల కోసం వేసే కట్టకి చాలినన్ని తూములు పెట్టకపోతే పల్లంలో నీళ్ళు నిలిచేది పేటలోనే. నానిన నేలలో చెట్టు ఇంకా తొందరగా కూలుతుంది. అందుకే లైను వేస్తున్నప్పుడే అడగాలి.

మా డిమాండ్లు ఇవి:

1. ఏటా సెప్టెంబరు ఆఖరుకల్లా ప్రతి పేటలో ప్రమాదంగా ఉన్న చెట్ల జాబితా రాయాలి. రెవెన్యూ, పంచాయితీ, కరెంటు సిబ్బందితోపాటు ఒక దింపు కార్మికుడు, పేట ఆడవాళ్ళు ఇద్దరు అందులో ఉండాలి.

2. ఆ జాబితా మీద ఆర్డీవోలు 152వ సెక్షను కింద వెంటనే ఉత్తర్వులివ్వాలి.

3. చెట్టు పోయిన చిన్నరైతుకి పరిహారం, కొట్టేవాళ్ళకి కూలీ, బీమా ఇవ్వాలి. లైను ఆపకుండా తీగల దగ్గర ఎవర్నీ చెట్టెక్కించకూడదు.

4. కొత్త రైలు లైను పొడుగునా పట్టాలకి చేసే చెట్ల తనిఖీ పక్కనున్న పేటలకీ చెయ్యాలి. తూముల సంగతి పేటవాళ్ళని కూచోబెట్టి తేల్చాలి.

అన్నల్లారా, అక్కల్లారా! ఈ జిల్లాకి అంబేద్కర్ పేరొద్దని 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు. అయినా ఆ పేరు నిలిచింది. పేరు బోర్డు మీద నిలిస్తే సరిపోదు, ఆయన రాసిన ప్రాణహక్కు మన పాకదాకా రావాలి. ఈ ఆదివారం పేటంతా తిరగండి. చెట్లు లెక్కపెట్టండి. ఏ చెట్టు, ఎవరి ఇంటి మీదకి, ఎంత దూరంలో ఉందో కాయితం మీద రాయండి. అందరూ సంతకాలు పెట్టండి, వేలిముద్రలెయ్యండి. ఆర్డీవో ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే గుమ్మంలోనే కూచోండి. రేపు చెట్టు పడితే ‘మాకు తెలీదు’ అని ఎవడూ అనకూడదు.

తుఫాను దేవుడు పంపాడంటే ఒప్పుకుందాం. చెట్టు కొట్టించకపోవటం మాత్రం మనుషుల పనే.

జై భీమ్!