కొలువుకు బొమ్మల కొలువు

ఈ శీర్షికలో మెడికల్ సీట్ల గురించీ, కంప్యూటర్ ఉద్యోగాల గురించీ చాలాసార్లు ముచ్చటించుకున్నాం. ఈసారి డిజైన్ చదివిన పిల్లల సంగతి చూద్దాం.

"బొమ్మలు గీస్తే అన్నం పెడుతుందా?" అని అడిగే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. లా పట్టా పుచ్చుకున్న బాపు గారు బొమ్మలనే నమ్ముకున్నారు. ఆయన చేతిరాత నేడు కంప్యూటర్‌లో ఫాంటుగా కూడా ఉంది. అందరూ బాపు కాలేరు, నిజమే. కానీ డిజైన్ చదివిన పిల్లలు అన్నం సంపాదించుకోవాలంటే డిగ్రీ కాగితం ఒక్కటే చాలదు. చేసిన పని చూపించాలి. అదే పోర్ట్‌ఫోలియో.

ఇండియా నుంచి అమెరికా వచ్చి చదువుకునే మన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలకు ఇందులో మరో తొందర ఉంది. చదువయ్యాక ఓ.పి.టి. కింద పని చెయ్యడానికి 12 నెలలు దొరుకుతాయి. అందులో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. ఆపైన 24 నెలల పొడిగింపు స్టెమ్ జాబితాలోని కోర్సులకే వర్తిస్తుంది. గ్రాఫిక్ డిజైన్ కోడ్ సాధారణంగా ఆ జాబితాలో ఉండదు. ఐ-20 మీద ఏ కోడ్ ఉందో ముందే చూసుకోవాలి. పట్టా చేతికొచ్చాక పోర్ట్‌ఫోలియో మొదలుపెడదామంటే ఆ 90 రోజులూ దానికే సరిపోతాయి. చివరి సెమిస్టర్‌లోనే సిద్ధం చేసుకోవడం మేలు.

బొమ్మల కొలువు పెట్టేటప్పుడు అటక మీదున్న బొమ్మలన్నీ దింపి పేర్చం కదా! ఇక్కడా అంతే. నాలుగైదు పనులు చాలు. అన్నిటికన్నా మంచిది మొదట పెట్టాలి, ఎందుకంటే చూసేవారు చివరిదాకా చూస్తారన్న నమ్మకం లేదు.

ప్రతి పనికీ నాలుగు మాటలు రాయాలి. ఎవరి కోసం చేశారు? వాళ్ళ ఇబ్బంది ఏమిటి? నలుగురు కలిసి చేసినదైతే అందులో మీ వంతు ఎంత? ఏది వద్దనుకున్నారు, ఎందుకు? చివరి బొమ్మ ఒక్కటే పెడితే చెయ్యి కనబడుతుంది గాని బుర్ర కనబడదు. ఇంటర్న్‌షిప్‌లో చేసిన పని కంపెనీ అనుమతి లేకుండా బయట పెట్టకూడదు. ఏ.ఐ. సాయంతో చేసిన భాగం ఉంటే దాచకుండా చెప్పాలి.

చూపించడానికి పనులు లేవనే పిల్లలకు మన సంఘమే ఉంది. ఉగాది కరపత్రం, తెలుగు బడి పుస్తకం, ఈ సంచిక అట్ట - ఇవన్నీ నిజమైన పనులే. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు, పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. ఆ చిక్కు ఎలా విప్పారో చూపిస్తే, తెలుగు రాని మేనేజరు కూడా మెచ్చుకుంటాడు.

ఇక రెజ్యూమే. కొత్తవారికి ఒక్క పేజీ చాలు. మన బయోడేటా అలవాటులో ఫొటో, పుట్టినరోజు, తండ్రి పేరు, పెళ్ళి వివరాలు పెట్టకండి. ఇక్కడ అవి రాయరు. "ఫొటోషాప్ 80 శాతం" అని గీతలు గీసి చూపినా ఎవరికీ ఏమీ తెలియదు. ఏ పనికి వాడారో రాయండి. చాలా కంపెనీల్లో రెజ్యూమేను ముందు కంప్యూటర్ చదువుతుంది. అక్షరాలను బొమ్మగా మార్చి పంపితే అది చదవలేకపోవచ్చు. లేత బూడిద రంగు అక్షరాలూ వద్దు. వెబ్ పేజీల్లో మామూలు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని ప్రమాణం ఉంది. డిజైనర్ కాగితంలోనే అది తప్పితే ఎలా? పోర్ట్‌ఫోలియో లింకు పేరు పక్కనే ఉండాలి. అది తెరుచుకుంటోందో లేదో మరొకరి ఫోన్‌లో చూసుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ పండక్కి పిల్లలు ఇంటికొచ్చినప్పుడు, పిండివంటలయ్యాక, వాళ్ళ పోర్ట్‌ఫోలియో ఒకసారి చూపించమనండి. ఒక్కో పని గురించి ఐదు నిమిషాలు చెప్పమనండి. మీకు అర్థం కానిచోట ఆపి అడగండి. రేపు ఇంటర్వ్యూలోనూ అక్కడే అడుగుతారు. ఆ ప్రశ్న ముందుగా ఇంట్లో వినడం వాళ్ళకు మంచిది. వాళ్ళు ఇన్నేళ్ళుగా ఏం చదివారో మీకూ తెలుస్తుంది.