ఒంటె కింద దొరికిన హారం

ఈ మధ్య మా మదర్సాలో పదేళ్ల విద్యార్థి ఒకడు వుజూ చేసుకుని వచ్చేసరికి వాడి టోపీ కనబడలేదు. పక్కనున్న కుర్రవాడు వెంటనే “ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్” అన్నాడు. తరగతి అంతా పకపకా నవ్వింది. “ఎవర్రా చనిపోయింది?” అని వెనుక వరుస నుండి ఒకడు అడిగాడు. మేమూ నవ్వు ఆపుకోలేకపోయాము. కాని ఆ రోజు అసలు పాఠం పక్కనపెట్టి ఆ వాక్యం గురించే మాట్లాడవలసి వచ్చింది. నవ్వింది పిల్లలే అయినా, ఆ నవ్వు వారు ఇళ్ల నుండి తెచ్చుకున్నది. మన ఇళ్లలో ఈ వాక్యాన్ని మరణవార్తకు మాత్రమే కేటాయించుకున్నాము. ఫోనులో ఆ మొదటి మాట కనబడగానే గుండె ఝల్లుమంటుంది.

దివ్య ఖుర్ఆన్ ఈ వాక్యాన్ని మనకు నేర్పిన చోట, బఖరా సూరాలో, దానికి ముందు ఏమున్నదో చూడండి. భయం, ఆకలి, ధన నష్టం, ప్రాణ నష్టం, పంటల నష్టం: వీటితో పరీక్షించటం జరుగుతుందని అల్లాహ్ ముందుగానే తెలియజేశాడు. అయిదింటిలో మరణం ఒకటి. తక్కిన నాలుగూ మన రోజువారీ బ్రతుకే. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు అకాల వర్షానికి తడిసిపోవటం, హజ్ కోసం కూడబెట్టిన సొమ్ము ఆసుపత్రి ఖర్చులకు కరిగిపోవటం, కుదిరిన సంబంధం నిఖాకు పది రోజుల ముందు తప్పిపోవటం. విశ్వాసి కాలిలో ముల్లు గుచ్చుకున్నా దాని మూలంగా అల్లాహ్ అతని పాపాలను తుడిచివేస్తాడని దైవప్రవక్త (స) తెలియజేసిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ముల్లుకు కూడా లెక్క ఉన్నప్పుడు, టోపీకి లేకుండా పోతుందా?

చిన్న నష్టం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా మాకు హజ్రత్ ఆయిషా (రజి) హారం గుర్తుకు వస్తుంది.

ఒక ప్రయాణంలో ఆమె హారం జారిపోయింది. అది ఆమె సొంతం కూడా కాదు, అక్క అస్మా (రజి) వద్ద అడిగి తీసుకున్నది. అరువు తెచ్చుకున్న నగ పోతే ఆ గుండె ఎలా కొట్టుకుంటుందో మన ఆడపడుచులకు వేరే చెప్పనక్కరలేదు. దైవప్రవక్త (స) దాన్ని వెదికించటం కోసం ప్రయాణాన్నే ఆపివేశారు. ఆయనతో పాటు జనమంతా ఆగిపోయారు. ఆగిన చోట నీళ్లు లేవు, వెంట తెచ్చుకున్న నీళ్లూ లేవు. నమాజు వేళ దగ్గరపడుతున్నది. జనం హజ్రత్ అబూబక్ర్ (రజి) వద్దకు వెళ్లి, మీ అమ్మాయి చేసిన పని చూశారా అన్నట్లు మొర పెట్టుకున్నారు. ఆయన వచ్చి కూతుర్ని గట్టిగా మందలించారు, చేత్తో నడుము మీద పొడిచారు కూడా. దైవప్రవక్త (స) ఆమె తొడపై తల పెట్టుకుని నిద్రిస్తున్నారు. ఆయనకు నిద్రాభంగం కలుగుతుందని ఆమె కదలకుండా కూర్చున్నారు.

తెల్లవారింది. నీళ్లు లేవు. అప్పుడు తయమ్ముమ్ ఆయత్ అవతరించింది. నీళ్లు దొరకని వానికి, నీళ్లు వాడలేని రోగికి, పరిశుభ్రమైన మట్టితో నమాజుకు సిద్ధమయ్యే సౌలభ్యం ప్రళయం వరకు లభించింది. అబూబక్ర్ కుటుంబం వల్ల మనకు కలిగిన శుభాల్లో ఇది మొదటిది కాదని హజ్రత్ ఉసైద్ బిన్ హుజైర్ (రజి) ఆనందంగా అన్నారు. పిదప ఆయిషా (రజి) ఎక్కివచ్చిన ఒంటెను లేపారు. హారం దాని కిందే ఉంది.

ఈ సంఘటనను ఏటా విద్యార్థులకు బోధిస్తాము. ఫిఖహ్ పాఠంలో తయమ్ముమ్ నియమాల దగ్గర అది త్వరగా ముగిసిపోతుంది. కాని ఒక విషయం వద్ద మేము కొంచెం ఆగుతాము. దైవప్రవక్త (స) తన భార్యతో, “ప్రాపంచిక వస్తువు పోతే పోనీ, సహనం వహించు” అని చెప్పి ప్రయాణం సాగించలేదు. ఆగారు, మనుషులను పంపి వెదికించారు. చెవికమ్మ పోయిందని భార్య బిక్కమొగం వేసుకుని నిలబడితే పండగ రోజంతా ఆమెను దెప్పిపొడిచే భర్తలు ఈ హదీసును ఒకసారి చదవాలి. పోగొట్టుకున్నదాన్ని వెదకటం సహనానికి విరుద్ధం కాదు. బాధపడటమూ కాదు.

ఈ మాట ఇంత ధైర్యంగా వ్రాస్తున్నాము గాని, సహనం అనే పదాన్ని మేమే ఎంత తేలికగా వాడేవారమో రెండేళ్ల క్రితం తెలిసివచ్చింది.

ఒక జుమా నాడు దుఆ స్వీకారం గురించి బయాన్ చేశాము. దూర ప్రయాణంతో అలసి, జుట్టు చెదిరి, దుమ్ము కొట్టుకుపోయిన ఒక వ్యక్తి ఆకాశం వైపు చేతులెత్తి ప్రభువును పిలుస్తాడు. అతని తిండి, బట్ట అన్నీ హరాం సంపాదనవి. ఇక అతని దుఆ ఎలా స్వీకరించబడుతుందన్న హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. దాన్ని వివరించి, మన దుఆలు నెరవేరకపోవటానికి మన పాపాలే కారణమని గట్టిగా చెప్పాము. బయాన్ బాగుందని పెద్దలు నలుగురు మెచ్చుకున్నారు.

సోమవారం నాడు ఒక సోదరి తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మదర్సాకు వచ్చింది. మసీదు మైకులో మా బయాన్ ఆమె ఇంటికి వినబడుతుందట. గుమ్మం బయటే నిలబడి అడిగింది: “మౌలానా సాబ్, నిఖా అయి పద్నాలుగేళ్లయింది. సంతానం కోసం అడగని రాత్రి లేదు. మీరు చెప్పింది విన్నాక నేను ఏ పాపం చేశానా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. తోటికోడలితో పాత తగాదా ఉంటే వెళ్లి క్షమాపణ అడిగాను. పొరుగింటామెకు ఇవ్వవలసిన రెండు వందలు ఇచ్చేశాను. ఇంకా ఏం మిగిలిందో నాకు తెలియటం లేదు. మీకు తెలిస్తే చెప్పండి.”

మా నోట అలవాటుగా వచ్చిన మాట ఒక్కటే: “సబ్ర్ చేయమ్మా.”

“పద్నాలుగేళ్లుగా అందరూ అదే చెబుతున్నారు. ఎలా చేయాలో ఎవరూ చెప్పలేదు,” అందామె.

మాకు జవాబు తోచలేదు. మరునాడు అస్ర్ తర్వాత రమ్మని పంపించి, ఆ రాత్రి పుస్తకాలు ముందు వేసుకున్నాము. విద్యార్థిగా ఉన్నప్పుడు చదివిన హదీసే కళ్ల ముందుకు వచ్చింది. ఒకసారి దైవప్రవక్త (స) మదీనాలో బనూ ముఆవియా వారి మసీదులో రెండు రకాతుల నమాజు చేసి, చాలాసేపు దుఆ చేశారు. తాను తన ప్రభువును మూడు కోరానని, రెండు ప్రసాదించబడ్డాయని, ఒకటి ఇవ్వబడలేదని అనంతరం సహచరులకు తెలిపారు. తన సమాజం కరవుతో నాశనం కారాదని కోరారు, లభించింది. నీట మునిగి నాశనం కారాదని కోరారు, లభించింది. తమలో తాము కలహించుకోరాదని కోరారు, అది లభించలేదు. ఇదీ ముస్లిం గ్రంథంలోనిదే. ఎన్నోమార్లు బోధించాము. నెరవేరని దుఆ వెనుక తప్పనిసరిగా పాపం ఉంటుందన్న మా మాటకు ఈ హదీసే అడ్డు నిలుస్తుందని మాత్రం ఆ రాత్రి వరకు మాకు తట్టలేదు. పాపరహితుడైన ప్రవక్త కోరిక ఒకటి ఆగిపోయింది. ఇక మనం ఎవరి వైపు వ్రేలు చూపిస్తాము?

హరాం తిండి హదీసు నిజం. దాన్ని ఎవరి ముఖం వారు చూసుకునే అద్దంగా వాడుకోవాలి. మేము దాన్ని కొలబద్దగా చేసి వీధిలోకి విసిరాము, అది వెళ్లి ఒక నిరపరాధి తలకు తగిలింది.

మరునాడు ఆమె వచ్చినప్పుడు ముందుగా మా పొరపాటు ఒప్పుకున్నాము. ఆ తర్వాత ప్రవక్త జకరియ్యా (అలై) గురించి మాట్లాడాము. మర్యమ్ సూరాలో ఆయన దుఆ ఉంది. ఎముకలు బలహీనమయ్యాయి, తల నెరిసింది, భార్య గొడ్రాలు. అయినా తన ప్రభువును వేడుకుని తాను ఎన్నడూ నిర్భాగ్యుడిగా మిగిలిపోలేదని ఆయనే అంటున్నారు. అడిగింది ఇంకా చేతికి రాకముందే ఈ మాట అంటున్నారని గమనించాలి. అడగగలగటమే ఆయన లెక్కలో భాగ్యం. తీరా శుభవార్త అందిన తర్వాత, నాకు కొడుకు ఎలా కలుగుతాడని ఆశ్చర్యపోయిందీ ఆయనే. అల్లాహ్ ఆ ఆశ్చర్యాన్ని అవిశ్వాసంగా లెక్కకట్టలేదు. యహ్యా (అలై)ను ప్రసాదించాడు. నడిరేయి దుఆ చేస్తూనే, “ఇక జరుగుతుందా?” అని మనసులో మెదిలితే దానికి బెదిరిపోనక్కరలేదు.

“మరి ఏడుపు వస్తే?” అని అడిగిందామె.

ప్రవక్త యాఖూబ్ (అలై) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడిపోయాయి. ఇంట్లోవారే ఆయనను విసుక్కున్నారు, యూసుఫ్‌ను తలచుకుంటూ కృశించిపోతారా అన్నారు. తన దుఃఖాన్ని అల్లాహ్‌తోనే మొర పెట్టుకుంటున్నానన్నారు ఆయన. సుందరమైన సహనం అన్న మాట ఖుర్ఆన్‌లో పలికింది కూడా ఈయనే. ఆ సహనం, ఆ కన్నీళ్లు ఒకే మనిషివి. అంతటితో ఊరుకోక, వెళ్లి యూసుఫ్‌నూ అతని తమ్ముణ్ణీ వెదకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని కొడుకులను పంపించారు. హారం కోసం మనుషులను పంపినట్లే. సబ్ర్ ఎలా చేయాలన్న ఆమె ప్రశ్నకు మా వద్ద ఉన్న జవాబు ఇదే: ఏడవండి, ఆయన ముందు ఏడవండి, వెదకటం మానకండి.

వెదకటం అన్నాము గనుక ఒక మాట. ఆ పద్నాలుగేళ్లలో వైద్య పరీక్షలన్నీ ఆమెకే జరిగాయి, భర్తకు ఒక్కటీ జరగలేదు. ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. సంతానం కలగకపోవటానికి కారణం భర్తలోనూ ఉండవచ్చునని వైద్యులందరూ చెబుతారు. చికిత్స లేని వ్యాధిని అల్లాహ్ దించలేదన్న హదీసు మగవారికి వర్తించదా? అలాగే నలభై రోజుల్లో ఫలితం ఖాయమంటూ వేల రూపాయలు గుంజేవారి దగ్గరకూ ఆమె అత్తగారు తీసుకువెళ్లారట. అల్లాహ్ తరఫున గడువు పెట్టి హామీ ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. దాన్ని దుఆ అనరు, బేరం అంటారు.

ముస్నద్ అహ్మద్‌లో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన హదీసు ప్రకారం, పాపం గాని బంధువులతో తెగతెంపులు గాని లేని ఏ దుఆకైనా మూడింటిలో ఒకటి తప్పక లభిస్తుంది: కోరింది ఇక్కడే దొరకటం, పరలోకం కోసం అది నిల్వ చేయబడటం, లేదా దానికి సమానమైన కీడు తొలగిపోవటం. ఇది విన్న సహచరులు, అయితే మేము మరీ ఎక్కువగా అడుగుతామన్నారు. అల్లాహ్ వద్ద అంతకన్నా ఎక్కువ ఉందని దైవప్రవక్త (స) బదులిచ్చారు. అడిగాను, ఇవ్వలేదు అని తొందరపడి దుఆ మానుకోవటాన్ని మాత్రం వారించారు. అలసిపోవటం వేరు, మానుకోవటం వేరు.

వెళ్లబోతూ ఆమె మళ్లీ హారం సంగతి ఎత్తింది. చిన్నప్పుడు మదర్సాలో విన్నదట. “ఆయిషా అమ్మగారికి పిల్లలెంతమంది, మౌలానా సాబ్?” అని అడిగింది.

ఆమెకు సంతానం లేదు. అక్క కుమారుడు అబ్దుల్లాహ్ పేరిట “ఉమ్మె అబ్దుల్లాహ్” అని పిలిపించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆమెకు చెప్పారు. ఆమె ద్వారా మనకు అందిన హదీసుల సంఖ్య 2,210. ఆమెను ఉమ్ముల్ మూమినీన్, విశ్వాసుల మాత అంటాము. ఈ మాట చెప్పగానే ఆ సోదరి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సలాం చెప్పి తమ్ముడితో వెళ్లిపోయింది.

హరాం తిండి హదీసును ఇప్పటికీ బయాన్‌లో చదువుతున్నాము. అది చదివిన రోజున బనూ ముఆవియా మసీదు హదీసును కూడా తప్పక చదువుతున్నాము.

ఈ శీర్షిక వ్రాసే నాటికి ఆమె ఒడి ఇంకా నిండలేదు. గత షాబాన్ నెలలో భర్త కూడా పరీక్షలకు వెళ్లాడని ఆమె తమ్ముడు వచ్చి చెప్పాడు. ఎదుట లేని సోదరుని కోసం దుఆ చేసేవానికి, నీకూ అటువంటిదే లభించుగాక అని దైవదూత పలుకుతాడని హదీసులో ఉంది. పాఠకులు ఈ రాత్రి ఇషా తర్వాత చేతులెత్తినప్పుడు, పేరు తెలియకపోయినా, ఆ సోదరిని ఒకసారి తలచుకోవలసిందిగా కోరుతున్నాము.