బిలాస్‌పూర్‌లో పేరు లేని తల్లి

2017 మార్చి 9వ తేదీన ప్రసూతి ప్రయోజనాల సవరణ బిల్లు లోక్‌సభ ఆమోదం పొందినప్పుడు నేను విలేఖరుల గ్యాలరీలో ఉన్నాను. బిల్లును సభ ముందుంచినవారు నాటి కార్మిక మంత్రి, మన బండారు దత్తాత్రేయగారు. పన్నెండు వారాల సెలవు ఇరవై ఆరు వారాలైనది. ఆనాడు పంపిన వార్తలో ‘చరిత్రాత్మకం’ అన్న మాట వాడాను. అది తప్పని ఇప్పుడూ అనను. కాని ఇటీవల బిలాస్‌పూర్ వెళ్ళి వచ్చినది మొదలు ఆ మాట నన్ను కొంత ఇబ్బంది పెడుతున్నది.

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుండి మన ఉత్తరాంధ్ర కుటుంబాలు వలస వచ్చి స్థిరపడిన ఊరది. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వే కాలనీలో తెలుగు మాట చెవిన పడటానికి ఎంతో దూరం నడవనక్కరలేదు. నేను బస చేసిన బంధువుల ఇంట ఇద్దరు స్త్రీలతో పరిచయమైనది. ఒకరు పర్మినెంటు గుమాస్తా. నూట ఎనభై రోజులు జీతంతో సెలవు తీసుకుని, బిడ్డనెత్తి, తన కుర్చీలోకి తాను తిరిగి వచ్చారు. రెండవ ఆమె కాంట్రాక్టరు కింద పారిశుద్ధ్యపు పని చేసేది. ఏడవ నెలలో మేస్త్రీ, ‘కడుపుతో వంగలేవు, కానుపైనాక రా’ అని పంపివేశాడట. ఆమె తిరిగి వెళ్ళేసరికి కాంట్రాక్టరు మారినాడు. కొత్తవాని పట్టీలో ఆమె పేరు లేదు. కూలిలో ఇ.ఎస్.ఐ. కోత పడేదట, కార్డు మాత్రం ఆమె చేతికి ఎన్నడూ రాలేదు.

‘సెలవంటే పర్మినెంటోళ్ళకే గదా బాబూ?’ అని ఆమె నన్నడిగింది.

కాదు. ఢిల్లీ నగరపాలక సంస్థలో దినకూలీ స్త్రీలకు సైతం ఈ హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తీర్పు చెప్పింది. కాంట్రాక్టు గడువు మధ్యలో తీరిపోయినా ప్రసూతి ప్రయోజనం ఆగరాదని 2023లో అదే కోర్టు స్పష్టం చేసింది. సెలవు కాలపు జీతం రాని ఒక కాంట్రాక్టు నర్సు మొర 2025లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు విన్నది; మూడు నెలలలో నిర్ణయం తీసుకొమ్మని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ హైకోర్టు ఉన్నది ఎక్కడో కాదు, బిలాస్‌పూర్ శివారు బోద్రీలోనే. రైలు బోగీలు తుడిచే ఆమెకు అది ఢిల్లీ అంత దూరం.

లోపమెక్కడ? గడచిన పన్నెండు నెలలలో ఎనభై రోజుల పని చూపితే చాలునని 1961 నాటి చట్టమన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా అదే అంటున్నది. కాని ఆ ఎనభై రోజులకు సాక్ష్యం కాంట్రాక్టరు చేతిలోని పట్టీ. అతడు పోతే పట్టీ పోతుంది. ఇ.ఎస్.ఐ. లేనిచోట ఇరవై ఆరు వారాల వేతనం యజమానే భరించాలి. చిన్న యజమానికి గర్భిణి ఒక అప్పుగా కనిపిస్తే ఆశ్చర్యమేమున్నది? ఈ భారంలో అధికభాగం ప్రభుత్వం వహించాలని 1928లోనే బొంబాయి శాసనమండలిలో డాక్టర్ అంబేడ్కర్ అన్నారు. యజమాని ఒక్కడి నెత్తిన వేయరాదని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి ఒడంబడికను మన దేశం ఆమోదించలేదు. 2017లో సెలవును రెట్టింపుకు మించి పెంచిన సభ, ఖర్చు సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంచింది. గ్యాలరీలో కూర్చున్న మేమూ ఆ సంగతిని పట్టించుకోలేదు.

రైల్వే పనిచేయించుకునేది రైల్వే అవసరానికే. కాంట్రాక్టరు మారినా పనిదినాల లెక్క మారకూడదనీ, సెలవులోనున్న స్త్రీ పేరు కొత్త పట్టీలో ఉండి తీరాలనీ, ఇ.ఎస్.ఐ. చందా రసీదు చూపనిదే బిల్లు చెల్లించరాదనీ టెండరులో రాయటానికి కొత్త చట్టం అక్కరలేదు.

ఢిల్లీ చేరిన తర్వాత మన సభ్యులిద్దరితో ఈ ముచ్చట ప్రస్తావించాను. ఒకరు చిరునవ్వు నవ్వి మాట మార్చారు. రెండవవారు ప్రశ్న వేస్తాను, వివరాలు రాసిమ్మన్నారు. రాసి ఇచ్చాను. ఆమె పేరు మాత్రం రాయలేదు. ఎక్కడైనా మళ్ళీ పని దొరికితే అదీ పోతుందని, తన పేరు బయటపెట్టవద్దని ఆమే అడిగింది.