టిక్కు పెట్టించాలా, రాయనివ్వాలా?

ఈ మధ్య మన సంఘాల నుంచి సర్వేల మీద సర్వేలు వస్తున్నాయి. ఇక్కడ హెండర్సన్‌లో మా మిత్రబృందం కూడా పిల్లల తెలుగు తరగతుల మీద ఒక ఆన్‌లైన్ సర్వే తయారుచేస్తోంది. వాదనంతా ఒక్కచోటే: జవాబులు మనమే ఇచ్చి టిక్కు పెట్టమనాలా, ఖాళీ గడి వదిలి రాయమనాలా?

చిన్న విషయమేం కాదు. 2008 అమెరికా ఎన్నికల తర్వాత ప్యూ రీసెర్చ్ సెంటర్ వారు, ఏ అంశం చూసి ఓటేశారని ఓటర్లను రెండు రకాలుగా అడిగారు. జాబితా వినిపిస్తే ఆర్థిక పరిస్థితి అన్నవారు 58 శాతం. జాబితా లేకుండా అడిగితే 35 శాతమే! పైగా అప్పుడు 43 శాతం మంది ఆ జాబితాలో లేని సంగతులు చెప్పారు. జాబితా విన్నవారిలో అలా చెప్పింది 8 శాతం.

అలాగని అన్నీ ఖాళీలే పెడదామనే వారితోనూ నాకు పేచీ ఉంది. న్యూజిలాండ్ 2001 జనగణనలో మతం దగ్గర 53 వేల మందికి పైగా 'జెడై' అని రాశారు (సినిమా పిచ్చి మన ఒక్కరిదే కాదు). 2006లో జాతి దగ్గర నాలుగు లక్షల పైచిలుకు 'న్యూజిలాండర్' అన్నారు. మొదటిది వేళాకోళం, రెండోది ఆలోచించాల్సిన మాట. రెండూ రాసుకునే గడిలోంచే వచ్చాయి. వాటిని విడదీయడానికి గణాంక శాఖకు సిబ్బంది ఉన్నారు. మనకున్నది ఆదివారం సాయంత్రం తీరిక దొరికే ఇద్దరు ముగ్గురు.

కనుక వయసు, పేట, వచ్చి ఎన్నేళ్ళయింది... వీటికి టిక్కు చాలు. పిల్లల్ని తరగతి ఎందుకు మాన్పించారు అన్నదానికి మాత్రం ఖాళీ వదలాల్సిందే. మనం జాబితా రాస్తే దూరం, తీరిక లేకపోవడం, ఆసక్తి లేకపోవడం అని రాస్తాం. 'మా యాసను వెక్కిరించారు' అని మనలో ఎవరు రాస్తారు? తెలంగాణ, ఆంధ్ర మిత్రులు కలిసి నడుపుకునే చోట తెలియాల్సింది అదే కదా. ఆ ప్రశ్న జాబితాల కంటే ముందు రావాలి, లేకపోతే మన మాటలే మనకు తిరిగొస్తాయి. ఫోనులో తెలుగు టైపు చేయలేనివారు ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా తీసుకోవాలి.

ఇంకొక సంగతి. 2018 జనగణన భాషల ప్రశ్నలో తెలుగుకు టిక్కు గడి లేదు, 'ఇతర' దగ్గర మనమే రాసుకోవాలి. 2030 నుంచి సంప్రదాయ జనగణన ఆపి ప్రభుత్వ రికార్డుల మీద ఆధారపడతామని 2025 జూన్‌లో ప్రకటించారు. పన్నుల రికార్డులో మన భాష రాసుకునే చోటు ఎక్కడుంటుంది? మంత్రిగారికి ఉత్తరం రాయదలచిన మిత్రులు ముందు ఈ ప్రశ్న అడగండి.